డిక్షనరీలో అతి పెద్ద విలువలు వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పైథాన్ నేర్చుకునేవాళ్లు డిక్షనరీ దాకా వచ్చాక తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఇందులో అందరికంటే ఎక్కువ ఎవరికి?" మార్కులు, అమ్మకాలు, ఓట్లు, మాటల లెక్క, ఏదైనా సరే. ఒక పక్క పేరు, ఇంకో పక్క అంకె ఉన్న చోటల్లా ఈ ప్రశ్న వస్తుంది. జవాబు ఒక్క లైనే. అయితే ఆ లైను తప్పు జవాబు ఇచ్చేటప్పుడు కూడా ఎర్రర్ చూపించదు, హాయిగా రన్ అయిపోతుంది. ఇంత పొడుగు పేజీ రాయడానికి కారణం అదే.

కోడ్‌లో వచ్చే మాటల్ని ఇక్కడ పలికే తీరులోనే తెలుగు లిపిలో రాశాను. ఎడిటర్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. మీరు పెట్టుకునే పేర్లు మాత్రం తెలుగులోనే ఉండొచ్చు. "నదులు", "మార్కులు" లాంటి పేర్లను పైథాన్ 3 ఏ అభ్యంతరమూ లేకుండా తీసుకుంటుంది.

ఉదాహరణకు ఈ డిక్షనరీ తీసుకుందాం. పేర్లు నదులవి, అంకెలు వాటి పొడవు కిలోమీటర్లలో.

నదులు = {'గంగ': 2525, 'గోదావరి': 1465, 'కృష్ణా': 1400, 'యమున': 1376, 'నర్మద': 1312, 'పెన్నా': 597}

మ్యాక్స్(నదులు) అని రాస్తే 'యమున' వచ్చింది. గంగ కదా రావాలి?

మ్యాక్స్ అంటే ఇచ్చినవాటిలో అతి పెద్దదాన్ని తీసిచ్చే ఫంక్షన్. డిక్షనరీ మీద లూప్ తిప్పితే పైథాన్ చేతికిచ్చేది కీలను, అంటే పేర్లను మాత్రమే, విలువలను కాదు. మ్యాక్స్‌కి దొరికినవి ఆరు పేర్లు. వాటిని అక్షర క్రమంలో పోల్చింది. క, గ, న, ప, య వరసలో య చివర ఉంది కాబట్టి యమున గెలిచింది. పొడవుల వైపు అది చూడనే లేదు.

'యమున' వచ్చింది కాబట్టి అనుమానం వచ్చింది. డిక్షనరీలో యమున లేకపోయి ఉంటే 'పెన్నా' వచ్చేది, అప్పుడూ అనుమానం వచ్చేది. కానీ అక్షర క్రమంలో చివరి పేరుకే పెద్ద అంకె కూడా ఉన్న డిక్షనరీతో పరీక్షించి ఉంటే? జవాబు సరిగ్గానే కనిపించేది, తప్పు కోడ్ అలాగే ఉండిపోయేది.

మరి సరైన లైను ఏది?

మీకు కావలసింది ఏమిటన్న దాన్నిబట్టి మూడు దారులున్నాయి.

అంకె ఒక్కటే చాలంటే:
మ్యాక్స్(నదులు.వాల్యూస్())
2525 వస్తుంది.

పేరు కావాలంటే:
మ్యాక్స్(నదులు, కీ=నదులు.గెట్)
'గంగ' వస్తుంది.

పేరూ అంకే రెండూ కావాలంటే:
మ్యాక్స్(నదులు.ఐటమ్స్(), కీ=లాంబ్డా జత: జత[1])
'గంగ', 2525 జతగా వస్తాయి. లాంబ్డా, అంటే పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసే చిన్న ఫంక్షన్, నచ్చనివాళ్లు ఆపరేటర్ మాడ్యూల్‌లోని ఐటమ్‌గెటర్(1) పెట్టుకోవచ్చు, పని అదే.

మూడో దాంట్లో కీ= మర్చిపోతే మళ్లీ మొదటికే వస్తారు. జతలను పోల్చేటప్పుడు పైథాన్ ముందు మొదటి భాగాన్ని, అంటే పేరును చూస్తుంది. కాబట్టి 'యమున', 1376 వస్తాయి. పక్కన అంకె కూడా కనిపిస్తుంది కనుక ఈ తప్పు ఇంకా సులువుగా నమ్మిస్తుంది.

కీ= అంటే డిక్షనరీలో ఉండే కీనేనా?

కాదు. ఈ రెండింటికీ ఒకే పేరు ఉండటం వల్ల కొత్తవాళ్లు చాలా ఇబ్బంది పడతారు. డిక్షనరీలో కీ అంటే పేరు, చిరునామా. మ్యాక్స్‌లో కీ= అంటే కొలబద్ద: "ఒక్కొక్కదాన్ని దేనితో కొలిచి పోల్చాలి?" అన్న ప్రశ్నకు జవాబు. నదులు.గెట్ అనేది పేరిస్తే పొడవు చెప్పే ఫంక్షన్. మ్యాక్స్ ఆరు పేర్లూ ఒక్కొక్కటిగా తీసుకుని, ఒక్కొక్కదాని పొడవు గెట్‌ని అడిగి, పొడవులను పోల్చి, చివరికి పేరును తిరిగిస్తుంది. కొలిచేది పొడవుతో, ఇచ్చేది పేరు.

గెట్ పక్కన బ్రాకెట్లు పెట్టకండి. పెడితే ఫంక్షన్‌ని ఇవ్వడం కాదు, అక్కడికక్కడే పిలవడం అవుతుంది. ఏ పేరు కోసమో చెప్పలేదని టైప్‌ఎర్రర్ వస్తుంది.

ఇద్దరికి సమానమైన విలువ ఉంటే ఎవరు వస్తారు?

ముందు కనిపించినవాళ్లు. ఒక్కరే. రెండోవాళ్ల గురించి మ్యాక్స్ ఒక్క మాట కూడా చెప్పదు.

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. కొన్నేళ్ల క్రితం ఒక పాఠశాల కోసం చిన్న ప్రోగ్రామ్ రాశాను. పదో తరగతిలో 600 మార్కులకు అందరికంటే ఎక్కువ వచ్చినవాళ్ల పేరు తీసి, వార్షికోత్సవంలో వేదిక మీద చదవడానికి ఇవ్వాలి. ఇద్దరు అమ్మాయిలకు 588 వచ్చాయి. నేను రాసింది పైన చెప్పిన ఒక్క లైనే. హాజరు పట్టీలో ముందున్న అమ్మాయి పేరు వచ్చింది, ఆ పేరే చదివారు. కార్యక్రమం అయ్యాక రెండో అమ్మాయి తండ్రి మార్కుల మెమో చేత్తో పట్టుకుని వచ్చి, గొంతు పెంచకుండా, "సార్, మా పాపకూ అంతే వచ్చాయి కదండీ" అన్నారు. ఆయన మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. కోడ్‌లో ఏ ఎర్రరూ లేదు. ఎంతమంది మొదటివాళ్లు ఉండొచ్చో నేను ఆలోచించలేదు, అంతే.

సమానులందరూ కావాలంటే రెండడుగులు:

గరిష్ఠం = మ్యాక్స్(మార్కులు.వాల్యూస్())
మొదటివాళ్లు = [పేరు ఫర్ పేరు, మార్కు ఇన్ మార్కులు.ఐటమ్స్() ఇఫ్ మార్కు == గరిష్ఠం]

ముందు అంకె తెలుసుకుని, తర్వాత ఆ అంకె ఉన్న పేర్లన్నీ ఏరుకోవడం. జవాబు ఎప్పుడూ లిస్టే, ఒక్కరే ఉన్నా సరే. రెండు లైన్లెందుకని గరిష్ఠం లెక్కను తీసుకెళ్లి ఇఫ్ పక్కన పెట్టకండి. అలా చేస్తే ప్రతి పేరుకూ మొత్తం డిక్షనరీని మళ్లీ వెతుకుతుంది. పదివేల పేర్లుంటే పది కోట్ల చూపులు.

"ముందు కనిపించినవాళ్లు" అన్న మాటకు కూడా ఒక చరిత్ర ఉంది. డిక్షనరీలో చేర్చిన వరసే లూప్‌లోనూ వస్తుందని పైథాన్ భాష హామీ ఇచ్చింది 2018లో వచ్చిన 3.7 నుంచే. అంతకు ముందు 3.6లో అలాగే జరిగేది కానీ హామీ లేదు. ఇంకా పాత వెర్షన్లలో ఆ వరసను నమ్మడానికి లేదు. ఇవాళ వరస ఖాయమే. అయినా, ఎవరి పేరు ముందు టైపు చేశారన్న దాన్నిబట్టి బహుమతి ఎవరికో తేలడం న్యాయం కాదు.

మొదటి ముగ్గురు కావాలంటే?

చిన్న డిక్షనరీ అయితే సార్ట్ చేసి, అంటే వరసలో పేర్చి, కోసేయండి:

సార్టెడ్(నదులు, కీ=నదులు.గెట్, రివర్స్=ట్రూ)[:3]

గంగ, గోదావరి, కృష్ణా వస్తాయి. డిక్షనరీ పెద్దదై, కావలసినవాళ్లు కొద్దిమందే అయితే హీప్‌క్యూ మాడ్యూల్‌లో ఎన్‌లార్జెస్ట్ ఉంది:

హీప్‌క్యూ.ఎన్‌లార్జెస్ట్(3, నదులు, కీ=నదులు.గెట్)

రెండింటి జవాబూ ఒకటే, సమానులుంటే వాళ్ల వరస కూడా ఒకటే. పైథాన్ సార్ట్ సమానులను వాళ్లు వచ్చిన వరసలోనే ఉంచుతుంది. రివర్స్=ట్రూ పెట్టినా ఆ గుణం పోదు. ముందు మామూలుగా సార్ట్ చేసి, తర్వాత లిస్టును తలకిందులు చేస్తే మాత్రం సమానుల వరస కూడా తిరగబడుతుంది.

వేగం సంగతి చెప్పాలంటే, వందల్లో ఉన్న డిక్షనరీకి ఏది వాడినా తేడా కంటికి కనిపించదు. చదవడానికి తేలికైనది రాయండి.

ఎన్‌లార్జెస్ట్ తక్కువ పనితో ఎలా నెట్టుకొస్తుంది?

వేదిక మీద పది కుర్చీలే ఉన్నాయనుకోండి. మొదట వచ్చిన పదిమంది కూర్చుంటారు. వాళ్లందరిలో తక్కువ విలువ ఉన్నవాళ్లు మెట్ల పక్క కుర్చీలో. పదకొండోవాళ్లు రాగానే పదిమందితోనూ పోల్చక్కర్లేదు, మెట్ల పక్కవాళ్లతో పోలిస్తే చాలు. వాళ్లకంటే ఎక్కువైతేనే వాళ్లను దింపి పైకెక్కుతారు. అప్పుడు మళ్లీ ఎవరు మెట్ల పక్కకు రావాలో కొద్ది సర్దుబాటు జరుగుతుంది. లేకపోతే వచ్చినవాళ్లు అలాగే వెళ్లిపోతారు. హీప్ అనేది ఆ సర్దుబాటును తక్కువ కదలికలతో చేసే అమరిక. 1964లో జె. డబ్ల్యు. జె. విలియమ్స్ హీప్‌సార్ట్ కోసం దీన్ని ప్రవేశపెట్టారు.

దీని అందం లెక్కలో కనిపిస్తుంది. పది లక్షల విలువలు కలగాపులగంగా వస్తే, మొదటి పదిమంది కూర్చున్నాక మిగతా వాళ్లలో వేదిక ఎక్కేది సగటున 115 మందే. మిగతా అందరూ ఒక్క పోలికతో వెనుదిరుగుతారు. అంటే పది లక్షల పోలికలు, పైన ఇంకొంచెం. అదే పది లక్షలనూ సార్ట్ చేస్తే దాదాపు రెండు కోట్ల పోలికలు కావాలి. జ్ఞాపకంలో దాచుకోవాల్సింది కూడా పదిమందినే. ఫైలు ఎంత పెద్దదైనా ఒక్కో లైను చదువుతూ పోవచ్చు.

కుర్చీల సంఖ్య డిక్షనరీ అంత పెరిగితే ఈ లాభం పోతుంది. పది లక్షల్లో ఐదు లక్షలమంది కావాలంటే సార్ట్ చేయడమే మేలు. ఒక్కరే కావాలంటే మ్యాక్స్. నిజానికి ఎన్‌లార్జెస్ట్‌కి 1 ఇస్తే అది లోపల మ్యాక్స్‌నే పిలుస్తుంది. డిక్షనరీలో ఉన్నంతమందినో అంతకంటే ఎక్కువమందినో అడిగితే సార్టెడ్‌ని పిలుస్తుంది.

మూడో స్థానంలో ఇద్దరు సమానంగా ఉంటే ఎన్‌లార్జెస్ట్ ఏం చేస్తుంది?

ఒకరిని వదిలేస్తుంది. ముగ్గురిని అడిగారు, ముగ్గురినే ఇస్తుంది. పైన చెప్పిన అమ్మాయి కథే ఇక్కడ మూడో మెట్టు మీద జరుగుతుంది.

హద్దు పద్ధతి వాడండి. ముందు విలువల్లో మూడోదాన్ని తెలుసుకోండి:

హద్దు = హీప్‌క్యూ.ఎన్‌లార్జెస్ట్(3, మార్కులు.వాల్యూస్())[-1]

తర్వాత హద్దుకు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉన్నవాళ్లందరినీ తీసుకోండి. నలుగురు రావచ్చు, ఆరుగురు రావచ్చు. బహుమతులు మూడే ఉంటే ఎవరికివ్వాలో తేల్చాల్సింది నిర్వాహకులు, మీ కోడ్ కాదు.

ర్యాంకులు కూడా రాయాలంటే ముందే అడిగి తెలుసుకోండి. 588, 588, 579 ఉంటే ర్యాంకులు 1, 1, 3నా, లేక 1, 1, 2నా? రెండూ వాడుకలో ఉన్నాయి. డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో మొదటిదాన్ని ర్యాంక్ అనీ, రెండోదాన్ని డెన్స్ ర్యాంక్ అనీ వేర్వేరు ఫంక్షన్లుగానే పెట్టారు. రో నంబర్ అనే మూడోది 1, 2, 3 ఇస్తుంది. సమానుల్లో ఎవరికి 1, ఎవరికి 2 అన్నది మీరు ఆర్డర్ బైలో ఇంకో కాలమ్ చేర్చి చెప్పకపోతే ఏ హామీ ఉండదు. పట్టికల లెక్కలకు పాండాస్ అనే లైబ్రరీ వాడేవాళ్లకు ఎన్‌లార్జెస్ట్‌లో కీప్='ఆల్' అనే సదుపాయం ఉంది, హద్దు దగ్గరి సమానులందరినీ ఉంచుతుంది.

రెండో అతి పెద్ద విలువ ఎలా?

సార్ట్ చేసి చివరి నుంచి రెండోది తీయడం అందరూ రాసేదే. 588, 588, 579లో అది 588 ఇస్తుంది. మీకు కావలసింది 579 అయితే ముందు సెట్‌లో వేసి, ఒకే రకం విలువలను ఒకటిగా చేసి, ఆ తర్వాత రెండోది తీయాలి. "రెండో స్థానంలో ఉన్న మనిషి" వేరు, "రెండో పెద్ద అంకె" వేరు.

ఇంటర్వ్యూల్లో ఇంకో ప్రశ్న అడుగుతారు: తక్కువ పోలికలతో రెండో పెద్దది ఎలా కనుక్కోవాలి? నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. 1,024 మంది ఆడే నాకౌట్ టెన్నిస్ పోటీ ఊహించుకోండి. విజేత తేలడానికి 1,023 ఆటలు కావాలి, ఎందుకంటే ఒక్కో ఆటకు ఒక్కరే బయటికి వెళతారు. ఫైనల్లో ఓడినవాళ్లే రెండో గొప్ప ఆటగాళ్లని చెప్పలేం. అసలైన రెండో ఆటగాడు మొదటి రౌండ్లోనే విజేతకు ఎదురుపడి ఇంటికి వెళ్లి ఉండొచ్చు. ఈ అన్యాయాన్ని లూయిస్ కరోల్ 1883లోనే ఎత్తి చూపాడు. రెండో ఆటగాడు విజేత చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ ఓడడు కదా. విజేత చేతిలో ఓడినవాళ్లు పదిమందే. వాళ్లలో వాళ్లకు తొమ్మిది ఆటలు పెడితే తేలిపోతుంది. మొత్తం 1,032.

మ్యాక్స్ లేకుండా లూప్ రాసుకుంటే తప్పా?

తప్పు కాదు, ఒకసారి చేత్తో రాస్తేనే లోపల ఏం జరుగుతుందో అర్థమవుతుంది. కానీ మొదట్లో గరిష్ఠం = 0 అని పెట్టకండి. అన్ని విలువలూ సున్నాకంటే తక్కువైతే, నష్టాల పట్టికో చలికాలం లద్దాఖ్ ఉష్ణోగ్రతలో అయితే, డిక్షనరీలో లేని 0 జవాబుగా వస్తుంది. మొదటి విలువతోనే మొదలుపెట్టండి.

లూప్ తిరుగుతుండగా అదే డిక్షనరీకి కొత్త పేర్లు చేర్చడం, ఉన్నవి తీసేయడం కూడా వద్దు. మధ్యలో రన్‌టైమ్ ఎర్రర్ వస్తుంది.

డిక్షనరీ ఖాళీగా ఉంటే?

మ్యాక్స్ వాల్యూఎర్రర్ ఇస్తుంది. పైథాన్ 3.4 నుంచి డిఫాల్ట్=నన్ (విలువ ఏమీ లేదు అనే గుర్తు) అని ఇచ్చే వీలుంది, అప్పుడు ఎర్రర్ బదులు నన్ వస్తుంది. డిఫాల్ట్=0 పెట్టే అలవాటు మాత్రం మంచిది కాదు. "ఎవరూ లేరు" అన్నదీ "అందరికీ సున్నా వచ్చింది" అన్నదీ ఒకటి కాదు. ఎన్‌లార్జెస్ట్ ఖాళీ డిక్షనరీకి ఖాళీ లిస్టు ఇస్తుంది. పైన చెప్పిన హద్దు లైనులో ఆ ఖాళీ లిస్టు చివరిది అడిగితే ఎర్రర్ వస్తుంది, కాబట్టి ముందే చూసుకోండి.

ఫైల్ నుంచి చదివితే పెన్నా గంగకంటే పొడవైపోయింది!

విలువలు అంకెలు కావు, అంకెల్లా కనిపించే స్ట్రింగులు, అంటే అక్షరాల వరసలు. సీఎస్‌వీ ఫైలు చదివినా, ఇన్‌పుట్‌తో తీసుకున్నా వచ్చేవి స్ట్రింగులే. స్ట్రింగులను ఎడమ నుంచి ఒక్కో అక్షరం చొప్పున పోలుస్తారు. '597'లో మొదటి అక్షరం 5, '2525'లో 2. అక్కడితోనే తీర్పు అయిపోయింది.

చదివిన వెంటనే ఇంట్‌తో అంకెలుగా మార్చండి. '2,525' లాగా కామాలుంటే ఇంట్ ఒప్పుకోదు, ముందు కామాలు తీసేయాలి. తెలుగు అంకెల్లో ౧౪౬౫ అని రాసి ఉన్నా ఇంట్ చక్కగా 1465 చేస్తుంది. పాత రికార్డులను టైపు చేసి పెట్టుకున్నవాళ్లకు ఇది పనికొస్తుంది.

కొన్ని విలువలు లేవు. నన్, ఎన్‌ఏఎన్ ఉన్నాయి.

నన్‌ని అంకెతో పోల్చలేక పైథాన్ 3 టైప్‌ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. నిజానికి అది మేలే చేస్తోంది. పైథాన్ 2లో నన్ అన్నింటికంటే చిన్నదిగా చెల్లిపోయేది.

ఎన్‌ఏఎన్ అలా కాదు, చప్పుడు చేయదు. అంకె కానిది అని దాని అర్థం. దాన్ని దేనితోనైనా పెద్దదా, చిన్నదా, సమానమా అని పోల్చితే జవాబు ఎప్పుడూ "కాదు" అనే. మ్యాక్స్ ప్రతిసారీ "కొత్తది ఇప్పటిదాకా ఉన్న పెద్దదానికంటే పెద్దదా?" అని అడుగుతుంది. ఎన్‌ఏఎన్ మొదట్లోనే ఉంటే దాన్ని దాటి ఎవరూ రాలేరు, జవాబు ఎన్‌ఏఎన్. మధ్యలో ఉంటే అదే ఎవరినీ దాటదు, జవాబు సరిగ్గానే వస్తుంది. అంటే ఒకే డేటా, వరస మారితే జవాబు మారుతుంది. సార్టెడ్‌కి ఇస్తే ఇంకా ఘోరం, చుట్టుపక్కల వరసంతా చెదిరిపోవచ్చు. వెతకడానికి ముందే వాటిని ఏరి పక్కన పెట్టాలి.

పరీక్షకు రాని పిల్లవాడికి 0 వేసి నడిపించేయడం ఇలాంటి దారే. అతి పెద్దది వెతికేటప్పుడు తేడా తెలియదు. అదే డేటాతో రేపు సగటు తీసినప్పుడు తెలుస్తుంది.

చూడటానికి సమానమే, కానీ == ఒప్పుకోవడం లేదు.

దశాంశాల బాధ ఇది. 0.1కి 0.2 కలిపితే పైథాన్‌లో 0.3 కంటే రవ్వంత ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఆ అంకెలను కంప్యూటర్ వాడే 0, 1 అనే రెండు గుర్తుల లెక్కలో కచ్చితంగా రాయలేం. ఒకరికి ముక్కలు కలిపి 0.3, ఇంకొకరికి నేరుగా 0.3 వస్తే మొదటివాళ్లు గెలుస్తారు. డబ్బయితే పైసల్లో పూర్ణాంకాలుగా పెట్టుకోండి. అరమార్కులుంటే అన్నింటినీ రెట్టింపు చేసి పూర్ణాంకాలుగా లెక్కపెట్టండి. అది కుదరనప్పుడు డెసిమల్ మాడ్యూల్ ఉంది.

తెలుగు వ్యాసంలో ఎక్కువసార్లు వచ్చిన మాటలు తీయాలి. కౌంటర్ సరిపోతుందా?

లెక్కకు సరిపోతుంది. కలెక్షన్స్ మాడ్యూల్‌లోని కౌంటర్ కూడా డిక్షనరీయే: మాట కీ, ఎన్నిసార్లు వచ్చిందో విలువ. దానికున్న మోస్ట్ కామన్‌కి 10 ఇస్తే పది మాటలు ఎక్కువ నుంచి తక్కువకు వస్తాయి. లోపల పనిచేసేది మనం చూసిన ఎన్‌లార్జెస్టే, కాబట్టి పదో మాటతో సమానమైన పదకొండోది ఇక్కడా రాలిపోతుంది. ఏ అంకె ఇవ్వకపోతే మొత్తం సార్ట్ చేసి ఇస్తుంది.

అసలు చిక్కు కీల దగ్గర ఉంది. తెలుగులో ఒకేలా కనిపించే మాట కంప్యూటర్‌కు రెండు మాటలు కావచ్చు. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కీబోర్డును బట్టి మాట చివరి పొల్లు తర్వాత కూడా అది వచ్చి చేరుతుంది. ఒకరి టైపింగ్‌లో ఉంటుంది, ఇంకొకరి దాంట్లో ఉండదు. తెర మీద రెండు "బస్"లూ ఒకటే, డిక్షనరీలో రెండు కీలు. లెక్క చెరిసగమై, మొదటి స్థానంలో ఉండాల్సిన మాట నాలుగోదిగా వస్తుంది. మొదట్లో తెలుగు పేర్లు వాడొచ్చని చెప్పాను కదా, ఈ గుర్తు ఉన్న పేరును మాత్రం పైథాన్ వేరియబుల్‌గా తీసుకోదు. అక్కడైనా ఎర్రర్ వస్తుంది. డిక్షనరీ కీలో అదీ రాదు.

ఐత్వం సంగతీ ఇలాంటిదే. "కై" లోని గుర్తును ఒకే ముక్కగానూ, ఎత్వం, దాని కింది భాగం అని రెండు ముక్కలుగానూ నిల్వ చేయొచ్చు. యూనికోడ్ డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌కి ఎన్‌ఎఫ్‌సీ అని చెబితే రెండూ ఒకే రూపానికి వస్తాయి. కనిపించని గుర్తును మాత్రం అది తీయదు, మీరే రీప్లేస్‌తో తీయాలి. లెక్క కోసం తీసినా, పాఠకులకు చూపించే రూపం వేరుగా దాచుకోండి. లేకపోతే ట కింద వ ఒత్తు పడి మాట చదవడానికి రాదు.

మాటలు కాకుండా అక్షరాలు లెక్కపెట్టాలని స్ట్రింగ్‌ని నేరుగా కౌంటర్‌కి ఇస్తే, క్ష అనే ఒక్క అక్షరం క, పొల్లు, ష అని మూడుగా విడిపోతుంది. గుణింతాలన్నీ విడిపోతాయి. పైపెచ్చు పొల్లు ఒక పెద్ద అక్షరంలా పట్టికలో పైకి వచ్చి కూర్చుంటుంది. రెజెక్స్ అనే బయటి ప్యాకేజీలో అక్షర సముదాయాలను పట్టే గుర్తు ఉంది. ఒత్తుల దగ్గర మీ వెర్షన్ ఎలా విడదీస్తోందో "స్త్రీ" లాంటి మాటతో ముందు పరీక్షించుకోండి.

ఇవన్నీ సర్దినా రాముడు, రాముడికి, రాముణ్ణి మూడు కీలే. విభక్తి మాటలోనే కలిసిపోయే భాష మనది. పట్టికలో పైన ఆ, ఈ, అని, ఒక లాంటివి నిలబడి, అసలు విషయం చెప్పే మాటలు ముక్కలై కింద పడి ఉంటాయి. మ్యాక్స్ దీన్ని సరిచేయలేదు. కీ ఏదై ఉండాలో ముందు తేల్చుకోవాల్సింది మనమే.

విలువలు క్షణక్షణం మారుతుంటే ప్రతిసారీ మ్యాక్స్ పిలవాలా?

వెయ్యి పేర్ల లోపు అయితే పిలవండి, ఏమీ కాదు. లక్షల్లో ఉండి, మారిన ప్రతిసారీ మొదటివాళ్లను చూపించాలంటే వెతకడం మానేసి, వరసలో ఉంచుకోవడం మొదలుపెట్టాలి. ఆటల స్కోరు పట్టికలకు చాలామంది రెడిస్ అనే డేటాబేస్‌లోని సార్టెడ్ సెట్ వాడతారు. స్కోరు మారగానే ఆ ఒక్క పేరే తన చోటు మార్చుకుంటుంది.

పైథాన్‌లోనే చేయాలంటే హీప్ ఉంది. హీప్‌క్యూ చిన్నదాన్ని పైన ఉంచుతుంది కాబట్టి ఇన్నాళ్లూ విలువలను మైనస్ చేసి తోసేవాళ్లం. 2025 అక్టోబర్‌లో వచ్చిన 3.14 నుంచి పెద్దదాన్ని పైన ఉంచే ఫంక్షన్లు విడిగా వచ్చాయి. విలువ మారితే పాతదాన్ని హీప్ మధ్యలో వెతికి తీయకండి. కొత్తదాన్ని తోసి వదిలేయండి. పైకి వచ్చినప్పుడు డిక్షనరీలోని ఇప్పటి విలువతో సరిపోకపోతే పారేసి, తర్వాతది చూడండి.

ఇతర భాషల్లో?

జావాలో (అక్కడ డిక్షనరీని మ్యాప్ అంటారు) కలెక్షన్స్.మ్యాక్స్‌కి ఎంట్రీసెట్‌నీ, మ్యాప్.ఎంట్రీలోని కంపేరింగ్‌బైవాల్యూనీ ఇవ్వాలి, జావా 8 నుంచి ఉంది. ట్రీమ్యాప్‌లో లాస్ట్‌ఎంట్రీ చూసి మోసపోకండి, అది పెద్ద కీని ఇస్తుంది. సీ ప్లస్ ప్లస్ మ్యాప్ కూడా కీల వరసలోనే ఉంటుంది, విలువకు మ్యాక్స్ ఎలిమెంట్‌తో పాటు సొంత పోలిక రాసివ్వాలి.

జావాస్క్రిప్ట్‌లో సార్ట్‌కి పోలిక ఇవ్వకపోతే అంకెలను కూడా స్ట్రింగులుగా మార్చి పోలుస్తుంది. 588, 1000, 79 ఇస్తే 1000, 588, 79 వస్తాయి. పెన్నా కథ అక్కడ అంకెలతోనే జరుగుతుంది.

గో భాషలో మ్యాప్ మీద లూప్ వరసను కావాలనే ప్రతిసారీ మారుస్తారు. సమానులుండగా ఒక్కరినే తీస్తే, ఇవాళ రన్ చేస్తే ఒక పేరు, రేపు ఇంకో పేరు. మొదట చూసినప్పుడు చిరాకు పడ్డాను. ఇప్పుడు మంచిదే అనిపిస్తుంది. వరసను నమ్ముకున్న కోడ్ అక్కడ ఎక్కువ రోజులు దాక్కోలేదు.

నా కోడ్ సరైనదేనని ఎలా తెలుస్తుంది?

చిన్న డిక్షనరీలు చేత్తో రాసి పెట్టుకుని, ప్రతి మార్పు తర్వాత అన్నింటినీ రన్ చేయండి. ఒకటి ఖాళీది. ఒకటి ఒక్క పేరే ఉన్నది. ఒకటి అందరికీ ఒకే విలువ ఉన్నది. ఒకటి అన్నీ మైనస్‌లో ఉన్నది. ఒకటి అక్షర క్రమంలో చివరి పేరుకు అతి చిన్న విలువ ఉన్నది, కీలను పోలుస్తున్నారో లేదో అది పట్టిస్తుంది. ఒకటి 9, 10, 100 ఉన్నది, స్ట్రింగుల కోసం. సరిగ్గా హద్దు మీద ఇద్దరు సమానులున్నది ఒకటి, అందులో ఆ ఇద్దరి వరస మార్చి రాసినది ఇంకొకటి. ఈ చివరి రెండింటికీ ఒకే పేర్లు రాకపోతే కోడ్ బయటికి ఇవ్వకండి. నేను ఇప్పుడు ఆ ఇద్దరికీ మార్కులు 588 అనే పెడతాను.